జిమ్‌కు వెళ్లని రోజు టిఫిన్ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 34. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 80 కిలోలు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి నాలుగు రోజులు జిమ్‌లో గంటసేపు బరువులు ఎత్తుతాను. గంటకు 600 క్యాలరీలు ఖర్చయినట్టు వాచీ చూపిస్తుంది. అందుకే జిమ్ లేని రోజు టిఫిన్ మానేసి, మధ్యాహ్నం సలాడ్‌తో సరిపెడుతున్నాను. సాయంత్రానికి తల తిరుగుతోంది. ఆకలికి ఆగలేక బిర్యానీ తెప్పించుకుంటున్నాను. మూడు నెలలైనా బరువు తగ్గలేదు. సెలవు రోజు ఎంత తగ్గించి తినాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సలహా: ముందు ఆ 600 లెక్క చూద్దాం. వాచీలు క్యాలరీలను తరచూ ఎక్కువ చేసి చూపిస్తాయి. మీ బరువున్న మనిషి గంటసేపు మామూలుగా బరువులు ఎత్తితే అయ్యే ఖర్చు సుమారు 300 నుంచి 400. సెట్‌కూ సెట్‌కూ మధ్య ఫోన్ చూసుకునే సమయం కూడా అందులోదే! పైగా ఆ గంట సోఫాలో కూర్చున్నా 80 దాకా ఖర్చయ్యేవే. అంటే జిమ్ వల్ల అదనంగా పోయేది 250 – 300 మాత్రమే. అదే మీరు ఏమీ చేయకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం వగైరా నడవడానికి రోజుకు సుమారు 1,700 కావాలి. మీరేమో 300 తేడా కోసం రెండు పూటల తిండికి కోత పెడుతున్నారు.

ఇంకోటి. బరువులు ఎత్తినప్పుడు అలిసిన కండరం మర్నాడు, ఆ పైరోజు కూడా మరమ్మతు చేసుకుంటూనే ఉంటుంది. కాబట్టి సెలవు రోజు ప్రొటీన్ తగ్గించకూడదు. కిడ్నీ సమస్య లేకపోతే కిలో బరువుకు 1.2 గ్రాముల చొప్పున, మీకు 95 గ్రాముల దాకా రోజూ అందాలి. గుడ్డుకు 6 గ్రాములే వస్తాయి కనుక పప్పు, పెరుగు, శనగలు, చికెన్ అన్నీ కలిస్తే గానీ అంత కాదు. పొద్దున రెండు గుడ్లు, ఒక పెసరట్టు తినండి. సాయంత్రం తల తిరగడం చాలావరకు తగ్గాలి. తిన్నా తగ్గకపోతే బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి.

మరి తగ్గించేది ఏమిటి? వ్యాయామం కోసం అదనంగా చేర్చుకున్నదే. జిమ్‌కు ముందు తినే అరటిపండు, తర్వాత తాగే షేక్‌లో తేనె, ఖర్జూరం వంటివి జిమ్ లేని రోజు వద్దు. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోట కూర పెట్టుకోండి. అన్నీ కలిపి 150 నుంచి 200 తగ్గితే చాలు. ఇంట్లో ఉన్న రోజు చాయ్‌లు ఎన్నో కూడా లెక్కపెట్టండి. నాలుగు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాల చక్కెర అనుకుంటే 150 క్యాలరీలు అక్కడే ఉన్నాయి. ఉస్మానియా బిస్కెట్లు వేరే.

లెక్కలు విసుగనిపిస్తే ఏడు రోజులూ ఒకేలా తినండి, తప్పేం లేదు. వారానికి నాలుగు జిమ్ గంటల అదనపు ఖర్చును ఏడు రోజులకు పంచితే రోజుకు సుమారు 170 క్యాలరీల దాకానే. కొవ్వు తగ్గేది వారం మొత్తం లెక్క మీద. ఒక్క ఆదివారం పస్తుంటే కాదు.

బిర్యానీ మీద నాకేం పగ లేదు. ఈ ఊళ్లో ఉంటూ మానేయమని చెప్పినా ఎవరు వింటారు? కానీ ఖాళీ కడుపుతో తెప్పించుకుంటే ఇద్దరి ప్యాక్ ఒక్కరే లాగించేస్తారు. మధ్యాహ్నమే, పెరుగు చట్నీతో, ముక్కలు ఎక్కువగా, అన్నం తక్కువగా పెట్టుకుని తినండి. సాయంత్రం కేబీఆర్ పార్కు వైపో, మీ కాలనీలోనో అరగంట నడవండి.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం ఈ జవాబు చూసి తిండి మార్చొద్దు. వ్యాయామం లేని రోజు మందు మోతాదు, భోజనం వేళ ఎలా ఉండాలో తమ డాక్టర్‌నే అడగాలి.