హోటల్‌కు ఇంటి టీవీ సరిపోతుందా?

ప్రశ్న: అనంతపురంలోని మా టిఫిన్ హోటల్‌లో ఉదయం 5 నుంచి రాత్రి 10 వరకు ధరల పట్టిక, వార్తలు చూపడానికి 43 అంగుళాల ఇంటి టీవీ చాలదా?

జవాబు: చాలదండి. రోజుకు కొన్ని గంటల వాడకానికే తయారైన టీవీని 17 గంటలు ఆపకుండా నడిపితే, అందునా మన సీమ ఎండల్లో, పొయ్యి వేడి తగిలే చోట, తెర వెనుక దీపాలు త్వరగా మసకబారుతాయి. పైగా వ్యాపార స్థలంలో వాడితే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు పత్రంలోనే రాస్తాయి కనుక, దాన్ని తప్పక చదవండి. వ్యాపార స్థలాల కోసమే చేసిన వాణిజ్య తెరల్లో రోజుకు 16 గంటలు నడిచే రకం, 24 గంటలు నడిచే రకం ఉంటాయి. మీకు రెండోదే తగినది. వాటిలో చాలావాటికి ట్యూనర్ (టీవీ ఛానళ్లను అందుకునే భాగం) ఉండదు కాబట్టి, వార్తల కోసం సెట్‌టాప్ బాక్సును హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలపాలి. పట్టికను నిలువుగా పెట్టదలిస్తే, ఆ అమరికకు తెర పనికివస్తుందో లేదో ముందే అడగండి.