ముసలి చింటూ వైద్యం కోసం ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది విజయవాడ. మావారు రిటైరయ్యారు. పింఛను 44 వేలు, పై వాటా అద్దె 9 వేలు వస్తాయి. కుక్క ఖర్చు కాకుండా ఇంటికి 38 వేలు అవుతుంది. మా పామేరియన్ చింటూకి పదకొండేళ్ళు. రెండు నెలల క్రితం దానికి ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చి నాలుగు రాత్రులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. బిల్లు 38,600 అయింది, క్రెడిట్ కార్డు మీద కట్టాం. సరుకులు కూడా అదే కార్డు మీద కొంటూ మినిమమ్ డ్యూ కడుతున్నాం. ఇప్పుడు బాకీ 41,500 ఉంది. డాక్టరు రాసిన లో-ఫ్యాట్ ఫుడ్‌కి నెలకి 4,600, మందులకి 1,300, చెకప్‌లకి సగటున వెయ్యి అవుతున్నాయి. ఎనిమిది నెలల్లో మెచ్యూరయ్యే 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసేయాలా? చింటూకి ఇన్సూరెన్స్ దొరుకుతుందా? ట్యాక్స్‌లో ఏమైనా తగ్గుతుందా? డాలస్‌లో ఉన్న అమ్మాయి డబ్బు పంపిస్తానంటోంది, తీసుకోవాలంటే మొహమాటంగా ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలేమో ముసలి కుక్కకి ఇంత ఖర్చా అంటున్నారు.

జవాబు: చుట్టాల మాట పక్కన పెట్టండి. మీ ఆదాయంలో ఈ ఖర్చు మోయలేనిదేమీ కాదు. ఇంటి ఖర్చు పోను 15 వేలు మిగులుతున్నాయి, చింటూకి నెలకి 6,900 అవుతోంది. మిమ్మల్ని కుంగదీస్తున్నది కుక్క కాదు, కార్డు.

కార్డుల మీద వడ్డీ చాలావరకు నెలకి మూడున్నర శాతం దగ్గర ఉంటుంది. మీ రేటెంతో స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, చూడండి. 41,500 మీద ఆ లెక్కన నెలకి 1,450 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. కలిపితే 1,700 పైమాటే. అంటే చింటూ మందులకయ్యే దానికన్నా కార్డు వడ్డీ ఎక్కువ. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న సరుకులకి వడ్డీ లేని గడువు ఉండదు. కందిపప్పు కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. సరుకులు ఈ రోజు నుంచే డబ్బిచ్చి కొనండి.

ఎఫ్‌డీ తీయొద్దు. బ్యాంకుకి వెళ్ళి దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, అంటే ఎఫ్‌డీ హామీగా పెట్టి, వాడుకున్నంతకే వడ్డీ కట్టే అప్పు. మీ ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం కలిపి వసూలు చేస్తారు. 9 శాతం అనుకున్నా 42 వేలకి నెలకి 315 రూపాయలు. దాంతో కార్డు మొత్తం కట్టేయండి. ఒక్క జాగ్రత్త. ఎఫ్‌డీలో 90 శాతం దాకా లిమిట్ ఇస్తామంటారు. వద్దనండి, లక్ష చాలు. ఐదు లక్షలు చేతికి అందేలా ఉంటే, ఆసుపత్రి వరండాలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్న వేళ ఎంతకైనా సంతకం పెట్టేస్తారు.

ఈ జబ్బుతో చిక్కేమిటంటే, నెల ఖర్చు తెలిసినదే, మళ్ళీ ఎప్పుడు తిరగబెడుతుందో మాత్రం తెలియదు. అందుకే రెండు లెక్కలు వేరువేరుగా ఉండాలి. నెలకి 6,900 ఇంటి బడ్జెట్‌లో, పాల బిల్లులా. మిగిలిన 8,100లో 3,500 చింటూ పేరు చెప్పి వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఆర్డీ వద్దు, ఏ రాత్రి అవసరమొస్తుందో తెలియదు కదా. ఏడాదికి 42 వేలవుతుంది, అంటే మొన్నటి లాంటి ఒక బిల్లు. తక్కిన 4,600 ఓవర్‌డ్రాఫ్ట్‌కి కట్టండి. ఎఫ్‌డీ మెచ్యూరయ్యే నాటికి ఆరేడు వేల బాకీ మిగులుతుంది, అందులో సర్దేయవచ్చు. ఈలోపే చింటూకి మళ్ళీ వస్తే? లక్ష లిమిట్‌లో మిగిలింది ఉందిగా.

మీరు పంపిన బిల్లు ఫోటో చూశాను. రాత్రికి రెండు వేల చొప్పున వార్డు చార్జీ ఎనిమిది వేలుంది. వాంతులు తగ్గి, నొప్పి అదుపులోకి వచ్చాక, పొద్దున తెచ్చి డ్రిప్ పెట్టించి సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళవచ్చా అని డాక్టరుని అడగండి. ఆయన కుదరదంటే మాత్రం పట్టుపట్టకండి. తీవ్రంగా ఉన్నప్పుడు రాత్రి చూసుకునే మనిషి ఉండాల్సిందే. రెండోది, చికిత్స ఫీజు మీద కూడా జీఎస్‌టీ వేసినట్టు కనిపిస్తోంది. పశువైద్యశాలలు చేసే చికిత్సకి జీఎస్‌టీ మినహాయింపు ఉంది. విడిగా అమ్మే మందులు, ఫుడ్ సంగతి వేరు. మర్యాదగానే అడగండి, అడగడానికి సిగ్గెందుకు? ఈసారి చేర్చాల్సి వస్తే, రోజూ పొద్దున ఆ రోజు అంచనా ఎంతో కాగితం మీద రాయించుకోండి.

మామూలు రక్త పరీక్షలకి, ఫాలో-అప్‌కి గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. వేళలు, ఫీజులు ఫోన్‌లో కనుక్కుని ఒకసారి వెళ్ళి రండి. ఎమర్జెన్సీలో మాత్రం దగ్గర్లో ఏది తెరిచి ఉంటే అక్కడికే. పదేపదే వాంతులు, తిండి మానేయడం, ముందుకాళ్ళు చాపి వంగి వెనక భాగం పైకెత్తి ఉండటం కనిపిస్తే తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. ఆలస్యమైన కొద్దీ డ్రిప్ రోజులు పెరుగుతాయి. మనం వాడే నొప్పి మాత్రలు అసలే ఇవ్వకండి. ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలని దెబ్బతీస్తాయి.

ఫుడ్ ఖర్చు తగ్గించాలంటే సగం ఇంట్లో వండిపెట్టవచ్చు. తోలు తీసిన కోడి బ్రెస్ట్, అన్నం, కాస్త గుమ్మడికాయ ఉడికించి, నూనె, నెయ్యి, మసాలా లేకుండా. కానీ ఉత్త కోడి, అన్నంతో కాల్షియం వంటివి చాలవు. కొలతలు, సప్లిమెంట్ డాక్టరు రాసిచ్చాకే మొదలుపెట్టండి. ఆదివారం మటన్ ఎముక, పండక్కి మిగిలిన గారె మాత్రం ఎవరి చేతి నుంచీ పడకూడదు. కొవ్వు తిండి తిన్నాకే చాలా కుక్కలకి ఈ జబ్బు తిరగబెడుతుంది. ఆ గారె ఖరీదు 38 వేలు కావచ్చు. పై వాటా పిల్లలకి కూడా చెప్పి ఉంచండి.

ఇన్సూరెన్స్ ఆశ వదులుకోండి. కొత్తగా చేర్చుకోవడానికి కంపెనీలు వయసు పరిమితి పెడతాయి, పదకొండేళ్ళ కుక్కని తీసుకోవడం కష్టం. ఒకవేళ తీసుకున్నా, ముందే ఉన్న జబ్బుకి క్లెయిమ్ రాదు. ఆ ప్రీమియమేదో చింటూ ఖాతాలోనే వేయండి. ట్యాక్స్ తగ్గుతుందా అన్న ప్రశ్నకీ జవాబు లేదనే. వైద్య ఖర్చుల మీద ట్యాక్స్ తగ్గింపు మనుషులకే.

అమ్మాయి డబ్బు తీసుకోండి, మొహమాటం వద్దు. కన్న కూతురు ఇచ్చింది మీ చేతిలో ఆదాయం కాదు, పన్నుండదు. ఎంతో కొంత పంపమంటే ఇద్దరికీ ఇబ్బంది. నెలనెలా ఫుడ్ బ్యాగు తననే ఆర్డర్ చేయమనండి. ఆ 4,600 కూడా ఓవర్‌డ్రాఫ్ట్‌కి మళ్ళిస్తే అయిదు నెలల్లో బాకీ తీరిపోతుంది.

చివరగా ఒక కష్టమైన మాట. క్లోమం పదేపదే దెబ్బతింటే షుగరు రావచ్చు, తిన్నది అరగకపోవచ్చు. అప్పుడు నెల ఖర్చు ఇలా ఉండదు. చింటూ ఇప్పుడు బాగానే తిరుగుతోంది కాబట్టి, ఈ వారమే మీరిద్దరూ డాక్టరు దగ్గర కూర్చుని రెండు సంగతులు అడగండి. ఇంకోసారి తీవ్రంగా వస్తే ఎంత దాకా వైద్యం చేయించడం దానికి మేలు, ఏ దశలో అది బాధని పొడిగించడమే అవుతుంది? ఆ జవాబు విన్నాక, నెల ఖర్చు కాక ఏడాదికి ఎంతవరకు పెడతారో ఒక అంకె అనుకుని డైరీలో రాసి పెట్టుకోండి. నా లెక్కలో 60 వేల దాకా మీరు తట్టుకోగలరు. అమ్మాయికి కూడా ఆ అంకె ఇప్పుడే చెప్పండి, ఆ రోజు డాలస్ నుంచి ఫోన్‌లో వాదన పెట్టుకునే టెన్షన్ ఉండదు.