స్టోట్, ఎర్మిన్: రెండు పేర్లు, ఒకటే జంతువు

మీరు అనువదిస్తున్న కథలో వేసవి ఘట్టంలో ‘స్టోట్’, మంచు ఘట్టంలో ‘ఎర్మిన్’ వచ్చాయని, రెండింటికీ ‘ముంగిస’ అని రాయవచ్చా అని అడిగారు. వద్దండీ. సన్నని ఒళ్లు, పొట్టి కాళ్లు చూసి అలా అనిపిస్తుంది గానీ ముంగిస కుటుంబమే వేరు. స్టోట్‌కు చుట్టాలు వీజెల్ అనే చిన్న వేటజంతువు, నీటికుక్క వంటివి.

పైగా మీ కథలో ఉన్నవి రెండు జంతువులు కావు. స్టోట్‌కు వేసవిలో వీపు గోధుమ రంగు, పొట్ట తెలుపు. చలి తీవ్రంగా ఉండే చోట్ల శీతాకాలంలో ఒళ్లంతా తెల్లబడుతుంది, ఒక్క తోక కొస తప్ప. అది ఏడాది పొడవునా నలుపే. ఐరోపా రాజుల పాత చిత్రాలు చూడండి: అంగీ అంచున తెల్లని బొచ్చు మీద వరుసగా నల్ల చుక్కలు ఉంటాయి. అవి ఆ తోక కొసలే, పాపం! ఆ తెల్లబొచ్చుకూ, దాన్ని తొడుక్కున్న స్టోట్‌కూ ఎర్మిన్ అని పేరు. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన శాస్త్రీయ నామం ‘మస్టెలా ఎర్మినియా’లోనూ అదే ఉంది.

నేనైతే స్టోట్ అనే ఉంచి, మొదటిసారి మాత్రం ‘తోక కొస నల్లగా ఉండే చిన్న వేటజంతువు’ అని కలుపుతాను. మంచు ఘట్టంలో ‘తెల్లబడిన స్టోట్’ చాలు. రాజు అంగీ దగ్గర ఎర్మిన్ ఉండాల్సిందే. తర్వాతి పేజీల్లో చిన్న వీజెల్ కూడా వస్తే దాన్ని స్టోట్‌తో కలపకండి. దాని తోక పొట్టి, నల్ల కొస ఉండదు.