సొరుగు బయటికి లాగి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కొనాలనుకుంటున్న బల్ల ఫోటోలు చూశాను. అది ఫ్రెంచి రాజు పదిహేనో లూయీ కాలపు కమోడ్ అని ఆ పాతసామాన్ల వ్యాపారి చెబుతున్నాడన్నావు. (ఈ మాట యానాంలో అంటే అందరూ నవ్వుతారు. ఫ్రెంచివాళ్లకు కమోడ్ అంటే సొరుగుల బల్లే.) ముద్ర ఉంది కదా అని సంబరపడిపోకు. పనివాడు తన పేరు ముద్ర కొట్టాలని 1743 నాటి పారిస్ వడ్రంగుల సంఘం నిబంధనల్లో ఉన్నది నిజమే. పక్కన జె.ఎం.ఇ. అక్షరాలుంటే సంఘం తనిఖీ చేసిందన్నమాట. కానీ తర్వాత రిపేరు చేసినవాడూ తన ముద్రే కొట్టేవాడు. దొంగ ముద్రలకైతే కొదవే లేదు.

ముందు సొరుగు పూర్తిగా బయటికి లాగు. పక్క చెక్కల మీద వేలు పోనిచ్చి చూడు. చేత్తో చిత్రిక పట్టిన చెక్క అయితే సన్నటి అలలు తగులుతాయి. తర్వాత బల్ల మీద అందానికి అతికించిన పలుచటి చెక్క పైపొర ఎక్కడైనా పెచ్చు ఊడిందేమో వెతుకు, ఆ అంచు మందం చూడు. అప్పట్లో పొరను రంపంతో కోసేవారు కాబట్టి మిల్లీమీటరు, ఆ పైనే ఉంటుంది. ఇప్పటి మిషన్ పొర అందులో సగం.

ఇక రంగులు. ఆ బల్ల మీద తేనెరంగులో కనిపిస్తున్న ఆకులు ఒకప్పుడు పచ్చగా ఉండి ఉంటాయి. తెల్లచెక్కకు రంగు పట్టించి పొదిగేవారు, వెలుగు తగిలి అది వెలిసిపోయింది. తాళంకప్ప దగ్గరి ఇత్తడి బిళ్ల ఊడదీయనిస్తే దాని కింద చూడు, పాత రంగు దాక్కుని ఉండొచ్చు. పూరేకుల అంచున గోధుమరంగు నీడ ఉంది చూశావా? అది రంగు కాదు. వేడి ఇసుకలో రేకు అంచు ముంచి మాడిస్తే వచ్చినది. ఒక్క క్షణం ఆలస్యమైతే బొగ్గే. నేర్చుకునే రోజుల్లో నేనెన్ని రేకులు తగలేశానో!

అందుకే కొన్నాక ఉప్పు కాగితం మాత్రం దాని దగ్గరికి రానీయకు. పొర అరిగిపోతుంది, ఆ నీడా పోతుంది. ఊడిన ముక్కలు అతికించడానికి తోలూ ఎముకలూ కాచి తీసిన పాతకాలపు జిగురే వాడు. వేడీ తడీ తగిలితే అది వదులుతుంది, రేపు ఇంకొకరు మళ్లీ విప్పుకోగలరు. షాపులో దొరికే తెల్ల జిగురుకు ఆ సుగుణం లేదు.

తుడవడం గురించి కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒక వర్క్‌షాపులో బూల్ తరహా బల్ల ఉండేది, తాబేటి చిప్పలో ఇత్తడి తీగలు పొదిగినది. కొత్తలో నూలుగుడ్డతో తుడిచాను. పోగు ఒకటి ఇత్తడి ఆకు కొనకు చిక్కుకుని, చిటుక్కుమని ఆకు పైకి లేచింది. దాన్ని సరిగ్గా పరవడానికి రెండు రోజులు పట్టింది. గది వేడికి అడుగు చెక్క కుంచించుకుపోతుంది, ఇత్తడి అలా కుంచించుకుపోదు, అందుకే లేస్తుంది. నీ బల్లకు ఇత్తడి పొదుగు లేదు గానీ, హీటర్ పక్కన పెడితే చెక్క పొరా అలాగే లేచిపోతుంది. మెత్తటి బ్రష్ వాడు.

శనివారం వెళ్లేటప్పుడు టార్చి, భూతద్దం తీసుకెళ్లు. సొరుగు లాగనివ్వకపోతే డబ్బు తియ్యకు. లాగనిస్తే లోపలి ఫోటోలు పంపి నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య