ఆఫ్రికాకు మిషన్ సేవకు వెళ్లే రిటైర్డ్ దంపతులకు జీతం ఇస్తారా?

ఇవ్వరు, మోర్మన్ చర్చి అని పిలిచే ఎల్‌డీఎస్ (లేటర్-డే సెయింట్స్) అనే అమెరికా క్రైస్తవ చర్చి తరఫున వెళ్లే పెద్ద వయసు జంటలు తిండి, అద్దె ఖర్చులు కూడా సొంత పెన్షన్, పొదుపులోంచే పెట్టుకుంటారు. అక్కడ దాన్ని ఉద్యోగంగా కాదు, సేవగానే చూస్తారు కాబట్టి. తిరుమలలో స్కార్ఫ్ వేసుకుని క్యూలో అన్నప్రసాదం అందించే శ్రీవారి సేవకులకు జీతం ఉంటుందా? ఇదీ అంతే, కాకపోతే మనవాళ్లకు బస, భోజనం టీటీడీ చూసుకుంటుంది, పైగా మామూలుగా వారం రోజుల్లో అయిపోతుంది, వీళ్లది 6 నుంచి 23 నెలలు.

ఉదాహరణకు ఘనాలోని అక్రాకు వెళ్లిన జంట మిషన్ ఆఫీసులో లెక్కలు రాయొచ్చు, కుర్ర మిషనరీల (మత ప్రచారకుల) అద్దె గదుల్లో కుళాయి కారుతోందా, దోమతెరలు ఉన్నాయా అని చూసి రావొచ్చు.

చాలామంది పొరబడేది ఇంకోటుంది, ఇంటింటికీ తిరిగి ప్రచారం చేస్తారని. అది ఎక్కువగా కుర్రాళ్ల పని, పెద్దవాళ్లకు ఆ నియమం లేదు.