బాడీబిల్డింగ్ షెడ్యూల్‌లో పవర్‌లిఫ్టింగ్ కలపొచ్చా?

బరంపురంలో ఉంటూ ఛాతీ ఒకరోజు, వీపు ఒకరోజు అని చేసుకుంటున్న మీరు స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్ బరువులు కూడా పెంచాలని అడిగారు. నిక్షేపంగా కలపొచ్చు. ముందు ఒక మాట: మన ఊరి రవికుమార్‌కి 2010 కామన్వెల్త్‌లో స్వర్ణం వచ్చింది వెయిట్‌లిఫ్టింగ్‌లో. అందులో ఉండేవి స్నాచ్, క్లీన్ అండ్ జర్క్, అంటే బరువుని తల మీదికి ఎత్తేవి. పవర్‌లిఫ్టింగ్ వేరు, అందులో ఉండేవి మీరు అడిగిన స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్. జిమ్‌లో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

వారానికి నాలుగు రోజులు చాలు. ఒళ్ళు అలసిపోకముందే, అంటే వార్మప్ అవ్వగానే పెద్ద లిఫ్ట్ (ఆ మూడింట్లో ఆ రోజుది) చేసేయాలి. బెంచ్‌లో ఒక్కసారి గరిష్ఠంగా 100 కిలోలు ఎత్తగలిగితే, 80 కిలోలతో 4 సెట్లు, సెట్‌కి 4 రెప్స్ (ఆపకుండా 4 సార్లు ఎత్తడం). సెట్ల మధ్యలో మూడు నిమిషాలైనా ఆగాలి. పక్కవాడు బెంచ్ కోసం గుర్రుగా చూసినా సరే. ఆ తర్వాత డంబెల్ ప్రెస్, ఫ్లై వంటివి 8 నుంచి 12 రెప్స్, ఒకటిన్నర నిమిషం విరామంతో.

చిక్కంతా పాత సెట్లు తగ్గించకుండా కొత్తవి కలపడంలోనే. పెద్ద లిఫ్ట్ చేరింది కాబట్టి మిగతా వాటిలో మూడో వంతు కోసేయండి. ఎక్కువ బరువుతో డెడ్‌లిఫ్ట్ వారానికి ఒక్కసారే. మర్నాడే స్క్వాట్ పెట్టుకుంటే నడుము పట్టేస్తుంది. వాటి మధ్య రెండు రోజులు ఉండాలి. పఖాళ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం) తింటే తినండి గానీ పక్కన గుడ్లో చేపో పడాలి: ఒంటి బరువులో కిలోకి రోజుకి 1.6 గ్రాముల ప్రొటీన్ లెక్క.