మేడమీది వాటా, అడ్వాన్సు సొమ్ము

ప్రశ్న: బరంపురంలో మా మేడమీది వాటాను నలుగురు కాలేజీ విద్యార్థులకు అద్దెకిచ్చాము. అందరూ శ్రీకాకుళం జిల్లా పిల్లలే. ఇద్దరు ఖాళీ చేసినప్పుడు, గోడకు మేకుల గుంతలు, వెలిసిన రంగు, కరెంటు బాకీ అన్నీ కలిపి అడ్వాన్సులో కొంత పట్టుకున్నాము. ఒకరి తండ్రి ఫోనులో నిష్ఠూరంగా మాట్లాడారు. మిగిలిన ఇద్దరు అప్పటినుండి మాతో ముభావంగా ఉంటున్నారు. ఏమి చేయమంటారు?
— ఒక గృహిణి, బరంపురం

జవాబు: అమ్మా, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, అద్దెకున్నవారు ఇంటిని తాము తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి గాని, మామూలు వాడకంవల్ల కలిగే అరుగుదలకు వారు బాధ్యులు కారు. అందువల్ల వెలిసిన రంగుకు మీరు సొమ్ము పట్టుకోవడం సరికాదు. కరెంటు బాకీ అడగవచ్చు. మేకుల గుంతల సంగతి తేలాలంటే, వారు చేరిన రోజున గోడ ఎలా ఉండేదో మీకూ వారికీ తెలిసి ఉండాలి. ఆ ఆధారం లేనప్పుడు ఆ సొమ్ము కూడా తిరిగి ఇచ్చివేయడమే న్యాయమని నా అభిప్రాయం.

ఇప్పుడున్న ఇద్దరినీ పిలిచి, వారితో కలిసి గదులు చూసి, గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు ఫోటోలు తీయించి, సబ్‌మీటరు రీడింగును తేదీతో రాసి మీరూ వారూ సంతకాలు చేయండి. మోటారు ఏ వేళ వేస్తారో, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా అందులోనే రాయండి. అగ్రిమెంటులో వేరే మాట లేకపోతే నెలవారీ అద్దెకు చట్టం చెప్పే నోటీసు గడువు 15 రోజులే, కాని పరీక్షల నడుమ 15 రోజుల్లో మరో గది వెదుక్కోవడం పిల్లలకు ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

మన ఊళ్లో అగ్రిమెంట్లు ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయిస్తారు. ఇచ్ఛాపురం, సోంపేట వైపునుండి వచ్చిన తల్లిదండ్రులు చాలామంది ఒడియా చదవలేరు కనుక, తెలుగులో ఒక ప్రతి రాసి ఇవ్వండి. 18 ఏళ్లు నిండని ప్లస్ టూ పిల్లల సంతకానికి చట్టంలో విలువ లేదు. వారి తరఫున తండ్రి గాని తల్లి గాని సంతకం చేయాలి. ఎంత కోపం వచ్చినా నీళ్లు, కరెంటు మాత్రం ఆపకండి.

ఇక ఆ తండ్రిగారికి మీరే ఫోను చేయండి. ఎంత సొమ్ము తిరిగి పంపుతున్నారో ముందు చెప్పి, కరెంటు లెక్క ఆ తరువాత వివరించండి.